చూడకుండా వేసిన వేలిముద్రలు

నమోదు 1, జూన్ 6

నటుల సంఘం వాళ్లు ఈ పుస్తకం చేతికిచ్చి నాలుగు నెలలైంది. ఇవాళ్టికి ముహూర్తం కుదిరింది. ముఖం అద్దెకిచ్చిన నటులందరూ రోజూ ఏం చూశారో, దేనికి ఒప్పుకున్నారో సొంత దస్తూరితో రాసిపెట్టుకోవాలట. యంత్రం రాసింది యంత్రమే మార్చేయగలదు కాబట్టి కలంతోనే రాయాలట. కలం దొరకడానికే రెండు రోజులు పట్టింది, అది వేరే సంగతి.

సరే, రాస్తున్నాను. నా పేరు ప్రవల్లిక, వయసు అరవై ఒకటి. 'నాలుగిళ్ల చావడి' సీరియల్లో మందాకిని అత్తను నేనే. అంటే, ఒకప్పుడు నేనే. పద్నాలుగేళ్ల క్రితం ఇంటితెర కంపెనీ వాళ్లు మూడు రోజులు కూర్చోబెట్టి నా ముఖం, గొంతు, నడక అన్నీ కొలిచి తీసుకున్నారు. ఆ తర్వాత నేను మేకప్ వేసుకున్నది లేదు. సీరియల్ మాత్రం పదకొండు లక్షల ఇళ్లలో నడుస్తోంది, ఏ ఇంటికి ఆ ఇంటి కథగా. ఒక ఇంట్లో అత్త కోడల్ని సాధిస్తుంది. పక్కింట్లో అదే అత్త కోడలికి కాలేజీ ఫీజు కడుతుంది. పిలిస్తే తెరలోంచి పలుకుతుంది, పేరు పెట్టి పలకరిస్తుంది, తిన్నావా అని అడుగుతుంది.

నా పనల్లా ఒకటే. అప్పటికప్పుడు పలికే చిన్న పలకరింపులు పోను, కథలో అత్త నోట కొత్త మాట ఏది పెట్టాలన్నా నా వేలిముద్ర కావాలి. పొద్దున్నే కంపెనీ ఇచ్చిన పలక మీద యంత్రం రాసిన సన్నివేశాలు నాలుగైదు వందలు వస్తాయి. అన్నీ చూసి ఒక్కొక్కదానికీ వేలు వెయ్యాలి. ఎవరు చూస్తారండీ అన్ని? అడుగున 'అన్నీ సమ్మతం' అని ఒక బొత్తాం ఉంది. ఇవాళ మాత్రం పుస్తకం మొదలుపెట్టాను కదా అని పదకొండు చూశాను. తర్వాత కుక్కర్ కూత వేసింది. మిగతావి బొత్తాం నొక్కేశాను.

నమోదు 2, జూన్ 9

కూరగాయలకు వెళ్లడమంటేనే విసుగొస్తోంది. మాస్కు కట్టుకున్నా గొంతు పట్టిస్తుంది. దొండకాయలు అడిగానో లేదో, బండి దగ్గర కూరలు ఏరుకుంటున్న ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఆ చిన్నదాన్ని ఇంట్లోంచి గెంటేశావు కదా, నీకు చేతులెలా వచ్చాయి?"

బండామె గయ్యిమంది. "నోర్ముయ్యవమ్మా. ఆ చిన్నదాన్ని పెంచి పెద్ద చేసిందే అత్త. కిడ్నీ కూడా ఇచ్చింది."

"కిడ్నీనా? ఎప్పుడిచ్చింది?"

"పోయిన దసరాకి!"

ఇద్దరూ కాసేపు వాదించుకుని, ఇద్దరూ నిజమే చెబుతున్నారని తెలిసి, ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేక ఎటువాళ్లటు తిరిగిపోయారు. ఇప్పుడంతా ఇంతే. నేను కొత్తగా పనిలో చేరినప్పుడు రాత్రి ఏడున్నర అయిందంటే సందులో ఏ ఇంటి ముందు నుంచి నడిచినా ఒకటే పాట వినిపించేది. మర్నాడు కుళాయి దగ్గర నన్ను తిట్టుకునేవాళ్లు. అందరూ ఒకే తిట్టు తిట్టేవాళ్లు. అప్పుడు నాకు ఒళ్లు మండేది కానీ, ఇప్పుడు తలుచుకుంటే అదే బాగుండేదనిపిస్తోంది.

దొండకాయలు ముదిరిపోయాయి. అన్నీ సమ్మతం నొక్కాను.

నమోదు 3, జూన్ 11

అత్తకు కానుకలు రావడం కొత్తేమీ కాదు. చీరలు, గాజులు, ఒకాయన ఏకంగా కుట్టుమిషను పంపాడు. కంపెనీ గోడౌన్ నుంచి నెలకోసారి మూటగట్టి నా ఫ్లాటుకు తోలతారు. ఈసారి మూటలో ఒక స్టీలు డబ్బా ఉంది. మూత తీస్తే ఇప్పపువ్వు లడ్డూలు. మంచిర్యాల నుంచి వచ్చాయి. ఆకలి మీదున్నానేమో, ఒకటి నోట్లో వేసుకున్నాకే అడుగున ఉన్న చీటీ చూశాను. చీటీని ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"అత్తా, నువ్వు జెప్పినట్టే ఆపరేషన్ బంద్ జేస్కున్న. డాక్టరమ్మ రెండుసార్లు ఫోన్ జేసింది, రానని జెప్పిన. రక్తం ఆరు గ్రాములే ఉన్నది, గడ్డ పెద్దగైతున్నది అని బెదిరిస్తున్నది. నువ్వున్నవు గదా నాకు. మనసు నిమ్మలమైంది. గీ లడ్డూలు నా చేతులతోని జేసిన. తిను. నీ హన్విక."

డబ్బాకు మూత పెట్టేశాను.

నమోదు 4, జూన్ 12

ఇవాళ వంట చెయ్యలేదు. పొద్దున్నుంచీ పలక ముందే కూర్చుని నా పాత సమ్మతులన్నీ తిరగేశాను. 'ఆపరేషన్' అని, తర్వాత 'కోత' అని వెతికితే దొరికింది. ఏప్రిల్ 17, ఉదయం ఎనిమిదీ పదికి వేసిన వేలిముద్ర. ఆ ఒక్క నొక్కుతో నాలుగు వందల పన్నెండు సన్నివేశాలకు ఒప్పుకున్నాను. ఆ సమయానికి నేను బియ్యం కడుగుతూ ఉండి ఉంటాను. వేలు తడిగా ఉందని మొదటిసారి పట్టుకోలేదని కూడా అందులో రాసి ఉంది.

సన్నివేశం చూశాను. నేను, అంటే నలభై ఏడేళ్ల నేను, చావడి మంచం మీద కూర్చుని బీరకాయ చెక్కు తీస్తుంటాను. తలెత్తి తెరలోంచి చూస్తాను. "కోతకు ఒప్పుకోకమ్మాయీ. ఒకసారి ఒంటి మీద కత్తి పడితే మునుపటి మనిషివి కాలేవు. మా తోడికోడలు అలాగే వెళ్లింది, తిరిగి రాలేదు. నా కళ్ల ముందుండు, నేను చూసుకుంటాను" అంటాను. ఎంత ప్రేమగా అంటానో చెప్పలేను. పక్కన సన్న అక్షరాల్లో హన్విక ఇంటి చిరునామా, దాని కింద కారణం ఉన్నాయి. ఆ ఇంట్లో మనిషికి భయం వేసిన రోజున ఐదారు గంటలు చూస్తోంది, వెయ్యని రోజున రెండు గంటలే చూస్తోంది. అంతే కారణం. యంత్రానికి ఆమె మీద పగేమీ లేదు, ఆమె తెర ముందు ఉంటే చాలు.

సిగ్గేసింది. ముప్పై ఏళ్లు విలన్ వేషాలేశాను, ఏనాడూ ఇంత సిగ్గు పడలేదు.

నమోదు 5, జూన్ 13

కంపెనీలో సమ్మతుల గుమాస్తా వేదాంశ్‌కు ఫోన్ చేశాను. మంచివాడే, నాకంటే పదేళ్లు చిన్న, ఎప్పుడూ జలుబుతో ఉంటాడు.

"ఆ సన్నివేశం వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను.

"తీసేస్తాం మేడమ్. కానీ ఆవిడ చూసేసింది కదా."

"వెళ్లి ఆపరేషన్ చేయించుకోమని అత్తతో చెప్పించండి."

"అలా చెప్పించడం మన చేతుల్లో లేదు మేడమ్. యంత్రం రాసినదాన్ని మీరు ఒద్దనగలరు, అంతే. ఇది రాయి అని చెప్పలేరు."

"మీరు చెప్పలేరా?"

"నేను చెబితే వింటుందా?" అని ముక్కు చీదుకున్నాడు. "ఆరోగ్యం గురించి అత్త మాట్లాడకుండా ఆ ఇంటికి నిషేధం పెట్టిస్తాను. నావల్ల అయ్యేది అదే."

పెట్టించాడు. మర్నాటికి రావలసిన సన్నివేశాల్లో ఆ ఇంటిది ఒకటి సాయంత్రమే వచ్చింది. నిషేధాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. అత్త ఆ అమ్మాయి ఆరోగ్యం మాటే ఎత్తలేదు. తనే మంచాన పడింది. నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని, "నాకు దడగా ఉందే. నువ్వు ఎటూ వెళ్లకు. నువ్వు గడప దాటితే నన్నెవరు చూస్తారు?" అంటోంది.

నేను వద్దని కొట్టేశాను. పది నిమిషాల్లో మరొకటి వచ్చింది. అందులో జ్వరం. అదీ కొట్టేస్తే గుండె నొప్పి. మధ్యాహ్నం తిన్నది కూడా అరగలేదు, ఆ లోపే తొమ్మిది రోగాలు వచ్చాయి నాకు. అప్పటికే ఒప్పుకుని ఉన్న పాత సన్నివేశాల్లో మంచాన పడ్డవే ఇరవై దాకా ఉన్నాయట, వాటితో అయినా నెట్టుకొస్తుందని వేదాంశ్ చెప్పాడు. పలక బోర్లించి మంచిర్యాల రైలుకు టికెట్ తీసుకున్నాను. డబ్బా మీద చిరునామా ఉంది కదా.

నమోదు 6, జూన్ 16

రైల్లో మోకాళ్లు పట్టేశాయి. ఆటో దిగి రెండంతస్తులు ఎక్కేసరికి ప్రాణం పోయినంత పనైంది. తలుపు తీసిన మనిషికి ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ద్వారబంధం పట్టుకుని గానీ నిలబడలేకపోతోంది. సిమెంటు లారీల కెమెరాలను ఇంటి నుంచే చూసే ఉద్యోగమట. బయటికి వచ్చే అవసరమే లేదు.

"ఎవరు గావాలె?"

"హన్వికవేనా తల్లీ? లడ్డూలు అందాయి. నేను మందాకిని అత్తను. ఆ వేషం వేసింది నేనే."

పైనుంచి కిందిదాకా చూసింది. "అత్త నీ లెక్క ఉండదమ్మా. అత్తకు నెత్తి నెరవలేదు. గిట్ల కుంటుకుంట నడవదు."

"కొలతలు తీసుకుని పద్నాలుగేళ్లయిందమ్మా."

"గట్లనా." మర్యాదకు నవ్వింది. "మస్తు దూరంకెల్లి వచ్చినట్టున్నవ్. కూసో, చాయ్ తాగిపో."

లోపల గోడంతా తెరే. అందులో చావడి మంచం మీద నేను పడుకుని ఉన్నాను. అలికిడికి కళ్లు తెరిచాను.

"హన్వీ, ఎవరే వచ్చింది?"

"ఎవరో అత్తా. నేనే నువ్వంటున్నది."

తెర నన్ను జాలిగా చూసింది. "పాపం, పెద్దావిడ. టీ ఇచ్చి పంపించు. నువ్వు మాత్రం ఎక్కువసేపు నిలబడకే, వచ్చి కూర్చో."

దానికి అన్నీ తెలుసు. ఒంట్లో రక్తం లేదని తెలుసు, నిలబడితే కళ్లు తిరుగుతాయని తెలుసు. ఆస్పత్రికి వెళ్లమని మాత్రం అనదు. నాకు ఆగలేదు. "హన్వికా, నీకు ఆపరేషన్ వద్దన్నది తప్పు. ఆ మాట నా వేలిముద్రతోనే నీ దాకా వచ్చింది. నీ కాళ్లు పట్టుకుంటాను, రేపే వెళ్లు" అన్నాను. గొంతు కూడా అత్త గొంతే కదా, ఆ పిల్ల ఒక్క క్షణం తటపటాయించింది. నేను చూశాను.

తెరా చూసింది. "హన్వీ... దడ... ఇటు రా తల్లీ" అంది. ఎంత బాగా చేసిందో. నేను వేషం వేసే రోజుల్లో దడ అంత సహజంగా ఎన్నడూ చెయ్యలేకపోయాను. హన్విక వెళ్లి గోడ పక్కన చతికిలబడి, తెర మీద అత్త చెయ్యి ఉన్నచోట తన చెయ్యి ఆనించింది.

"గింత బాగలేని మనిషిని ఇడిసిపెట్టి నేనెట్ల వోత?" అంది నాతో. "అమ్మ వోయినంక నన్ను తిన్నవా అని అడిగినోళ్లే లేరు, ఈమె తప్ప. నువ్వు వోయిరా అమ్మా. చాయ్ చల్లగైతున్నది."

తాగాను. ఏం చెయ్యను? గుమ్మం దాటి మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. ఆ అమ్మాయి కోసమూ ఏడ్చాను, నాకంటే నా బొమ్మకే విలువ ఉన్నందుకు కూడా ఏడ్చాను. అబద్ధం ఎందుకు, రెండోదే ఎక్కువ.

నమోదు 7, జూన్ 18

ఒప్పందం మొత్తం మొదటిసారి చదివాను. పంతొమ్మిదో షరతు సంఘం వాళ్లు ఎప్పుడో సమ్మె చేసి సాధించినది. ముఖాన్ని శాశ్వతంగా వెనక్కి తీసుకునే నటుడు ఆఖరి సన్నివేశాన్ని తనే స్వయంగా నటించవచ్చు. అది అన్ని ఇళ్లలోనూ ఒకేసారి, ఒకేలా, మూడు నిమిషాలు రావాలి. ఇప్పటిదాకా ఎవరూ వాడుకోలేదు. ఎందుకు వాడుకుంటారు? ముఖం వెనక్కి తీసుకుంటే కంపెనీ ఇచ్చిన ఫ్లాటు ఖాళీ చెయ్యాలి.

వేదాంశ్‌కు చెబితే తుమ్మడం కూడా మానేశాడు.

"అంటే అత్తను చంపేస్తారా మేడమ్? పదకొండు లక్షల ఇళ్లలో ఏడుస్తారు."

"ఏడవనివ్వు."

"చూసేవాళ్ల పేర్లు ఎత్తకూడదు. కంపెనీ మాట రాకూడదు. అత్తగానే మాట్లాడాలి, అత్తగానే పోవాలి. ఇంకో మాట, టైము కంపెనీ ఇష్టం. మధ్యాహ్నం మూడింటికి ఇస్తారు. ఆ టైములో చూసేవాళ్లే ఉండరు."

"ఆ అమ్మాయి చూస్తుంది. ఆ అమ్మాయి ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది."

ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత, "మా అమ్మ కూడా చూస్తుంది మేడమ్" అన్నాడు.

నమోదు 8, జూన్ 21

చచ్చిపోయాను.

స్టూడియోలో ఇద్దరే ఉన్నారు, ఇద్దరికీ కెమెరా ముందు మనిషిని పెట్టి పని చేసిన అలవాటు లేదు. దీపాలు ఎక్కడ పెట్టాలో నేనే చెప్పాను. నా ముఖం మీద నలభై ఏడేళ్ల ముఖం పరుస్తామన్నారు. ఒప్పుకున్నాను. సొంత ముఖంతో వెళ్తే నమ్మరని మంచిర్యాలలో చూసి వచ్చాను కదా.

మూడింటికి దీపం వెలిగింది. మంచం మీద పడుకుని, తల పక్కకు తిప్పి చెప్పాను. "అమ్మాయీ, నీకో సంగతి దాచాను. నా కడుపులో గడ్డ ఉంది. ఏడాదైంది. కోయాలన్నారు. భయమేసి వెళ్లలేదు. భయమని చెప్పుకోలేక, నీకు కూడా వద్దని చెప్పాను. అది ప్రేమ కాదే, పిరికితనం. నువ్వు పక్కన కూర్చుంటే నాకు బాగుండేది, అందుకే నిన్ను కదలనివ్వలేదు. నాకిక వేళ మించిపోయింది. నీకు మించలేదు. నా కోసం ఏడవడం తర్వాత, ముందు లే. చెప్పులేసుకో. పక్కింటి తలుపు కొట్టి తోడు రమ్మని అడుగు." ఇంకా నలభై సెకన్లు మిగిలాయి. ఆ నలభైలో చనిపోయాను. చావడం నాకు బాగా వచ్చు.

బయటికి వచ్చేసరికి రోడ్డు మీద ఏదో తేడాగా ఉంది. జనం బాల్కనీల్లోకి వచ్చి నిలబడ్డారు. మందుల కొట్టతను ఎదురు కొట్టతన్ని కేకేసి, "మీ ఇంట్లో కూడానా?" అని అడుగుతున్నాడు. "మా ఇంట్లో కూడా!" ఇద్దరూ నోరు తెరుచుకుని ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఆ తర్వాత ఏం మాట్లాడాలో వాళ్లకు తెలియలేదు, అలవాటు తప్పింది కదా. అయినా అక్కణ్నుంచి కదల్లేదు. మాస్కు వెనక నుంచి నేను కాసేపు వాళ్లను చూస్తూ నిలబడ్డాను. చాలా అలసటగా ఉంది, కానీ ఇంటికి పోబుద్ధి కాలేదు.

నమోదు 9, జూన్ 22

మళ్లీ రైలు, మళ్లీ మోకాళ్లు. హన్విక ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి ఖాజాబీ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"దవఖానకు వోయింది. నిన్న తలుపు గొట్టి తోడు రమ్మన్నది. పదేండ్లసంది పక్కపక్కన ఉంటున్నం, మొదటిసారి తలుపు గొట్టుడు. నేనే తీస్కపోయిన. పెద్దడాక్టరు రేపు రమ్మన్నడంటే ఇయ్యాల పొద్దుగాలనే మళ్ల వోయింది. ఒక్కటే ఏడుసుడు."

ఆ మాట వినగానే ఒళ్లు తేలికపడింది. దేవుడా, గెలిచాను అనుకున్నాను. ఆటోలో వెళ్తున్నంతసేపూ ఆ సంతోషం ఉంది. ఇది కూడా రాసిపెడుతున్నాను.

ఆస్పత్రి వరండాలో నాలుగు బెంచీలు నిండిపోయి, గోడ వారన కింద కూడా కూర్చుని ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్లే. హన్విక మూడో బెంచీ చివర ఉంది. పక్కన ఖాళీ ఉంటే కూర్చున్నాను. నన్ను గుర్తుపట్టి, ఒళ్లో ఉన్న కాగితాలు సర్దుకుంది. ముందు బెంచీలో ఒక పెద్దావిడ ఎవరికో చెబుతోంది.

"కంట్లె పొర తీయించుకుంటనంటే వద్దన్నది. కత్తి పడితే మునుపటి మనిషివి కావు అన్నది."

"నాకు గూడ గదే మాట!" అంది అవతలావిడ. "నా కొడుకు కాలు వంకరున్నది, సరిజేపిస్తనంటే తోడికోడలు గట్లనే వోయి రాలేదని జెప్పింది. రెండు నెల్లు ఆపిన."

"బీరకాయ చెక్కు దీస్కుంట చెప్పిందా?"

"ఆ, బీరకాయే!"

బెంచీ తర్వాత బెంచీకి ఆ మాట పాకింది. బీరకాయ, తోడికోడలు, కళ్ల ముందుండు. ఒకసారి ఒప్పుకున్న మాటను కంపెనీ ఎన్ని ఇళ్లలోనైనా వాడుకోవచ్చు. అది ఒప్పందంలో నాలుగో వరుసలోనే ఉంది. నేను ఒక్క ఇంటి గురించే అడిగాను, ఒక్క ఇంటికే నిషేధం పెట్టించాను. వరండాలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం మొదలుపెట్టి, ముప్పై దాటాక మానేశాను. ఇది ఒక్క ఊరు. ఇక్కడి దాకా నడిచి రాగలిగినవాళ్లే వీళ్లు.

హన్విక నా వైపు తిరిగింది. "నీకెర్కేనా? అత్త గిట్ల అందరికి జెప్తున్నదని?"

తెలియదు అంటే సరిపోయేది. అది నిజమే కూడా.

"ఒప్పుకుంటావా అని ముందు నన్నే అడిగారమ్మా" అన్నాను. "నేను చూడలేదు. బియ్యం కడుగుతూ చూడకుండా వేలేశాను."

ముందు బెంచీ వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. కంటి పొరావిడ లేచి, దూరంగా వెళ్లి నిలబడింది. హన్విక మాత్రం చాలాసేపు నా ముఖంలోకే చూసింది.

"చూస్తే ఏం జేస్తుంటివి?"

"వద్దనేదాన్ని."

"గంతేనా?"

"అంతే."

నర్సు బయటికి వచ్చి హన్విక పేరు పిలిచింది. రెండు ప్యాకెట్ల రక్తం ఎక్కించాక ఎల్లుండి కోత అని చెప్పింది. హన్విక లేచింది. నేను చెయ్యి చాపితే పట్టుకోలేదు, గోడ పట్టుకుంది. నాలుగడుగులు వేసేసరికి కళ్లు తిరిగినట్టున్నాయి, ఆగిపోయింది. వెనక్కి చూడకుండానే చెయ్యి చాపింది. వెళ్లి పట్టుకున్నాను.

"నడువు" అంది. "గని మాట్లాడకు. ఆ గొంతు నాకు ఇనబుద్ధి అయితలేదు."

మాట్లాడలేదు. వార్డు దాకా నడిపించి మంచం మీద పడుకోబెట్టాను. ఇది రాస్తున్నప్పుడు రెండో ప్యాకెట్ ఎక్కుతోంది. ఆమె కళ్లు మూసుకునే ఉంది, నిద్రపోవడం లేదు. నేను పక్కన స్టూలు మీద నోరు మూసుకుని కూర్చున్నాను.